పదకొండో రాత్రి ఏడు

బస్సు దిగేసరికి
వీపున పద్నాలుగు కిలోల సంచి.
సాయం చేసేద్దామన్న ఉబలాటం బరువు వేరే.

ఇరవై రెండేళ్ళు బ్యాంకులో కూచుని
పరుల సంతకాలు పోల్చి చూసిన చేతులివి.
ఒక్క వంకర కనబడితే చాలు
చెక్కు వెనక్కి పంపేవాణ్ణి.

ఇక్కడ, మధ్య వియత్నాం తీరాన,
నలభై గడపల జాలరిపేటలో
మాకిచ్చిన మొదటి పని బడిగోడకి రంగులు.
మాకు ముందొచ్చినవాళ్ళ డాల్ఫిన్ల మీద సున్నం కొట్టి
మేం తాబేళ్ళు వేశాం.
"తర్వాత వచ్చేవాళ్ళు ఏం వేస్తారు?"
ఖియెమ్ అనే కుర్రాడు అడిగాడు.
బెల్జియం నుంచి వచ్చిన యూస్ట్ పగలబడి నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

మూడోనాడు పుట్టి ఎక్కించారు.
వెదురు అల్లి, పేడా చెట్టుబంకా పూసి ఎండబెట్టిన
ముందూ వెనకా లేని గుండ్రటి పడవ.
తెడ్డు ఎంత గట్టిగా వేస్తే
అంత గిరగిరా ఉన్నచోటే తిరిగాను.
ఒడ్డున పేటంతా పొట్టలు పట్టుకుంది.
ఖియెమ్ ఈదుకుంటూ వచ్చి
ఒంటిచేత్తో అంచు పట్టుకుని
నన్నూ నా ఉత్సాహాన్నీ కలిపి లాక్కొచ్చాడు.

ఆ సాయంత్రమే థువాన్ అవ్వ కేకేసింది.
నా పేరు నోరు తిరక్క, చివర్న తగిలించే
"ఓయ్" ఒక్కటే పలికింది.
అదొక్కటే నాకు అనువాదం అక్కర్లేని మాట.

చిరిగిన వల ఒళ్ళో పరిచి
దారం చుట్టిన వెదురు కండె చేతికిచ్చింది.
వల కన్ను ఇంతుండాలని
తన బొటనవేలు కొలత చూపింది.
నా వేలు లావు.
తప్పు అక్కడే మొదలైంది.

గోడ మీది మగమనిషి ఫోటో ఎవరిదని అడిగితే
ఖియెమ్ ఫోన్లో మాట మార్చి చూపించాడు:
"తాత. తిమింగలానికి పెద్దకొడుకు."
యంత్రం పొరబడిందనుకున్నాను.
కాదు.
చచ్చి కొట్టుకొచ్చిన తిమింగలాన్ని
ఎవరు ముందు చూస్తే వాళ్ళే దానికి పెద్దకొడుకట.
తలకి తెల్లగుడ్డ చుట్టుకుని
కన్నతండ్రికి పట్టినట్టే మైల పట్టాడట తాత.
దాని ఎముకలు ఇసకదిబ్బ మీది గుళ్ళో ఉన్నాయి.
ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి వచ్చిన తుఫానులో
తాత కోసం మాత్రం
ఒడ్డుకి ఏదీ కొట్టుకురాలేదు.

ఖియెమ్ ఇదంతా చూపిస్తున్నంతసేపూ
అవ్వ దారం లాగుతూనే ఉంది.
పళ్ళతో కొరికింది.
ఇంకో ముడి వేసింది.

ఐదో రాత్రి దాహమేసి లేచాను.
పంచలో బల్బు వెలుగుతోంది.
చేపరసం ఊరే జాడీల మధ్య కూచుని
నాలుక చివర పళ్ళ మధ్య పట్టి
అవ్వ
నేను పగలు వేసిన ముడులన్నీ విప్పుతోంది.
విప్పి, మళ్ళీ వేస్తోంది.
మొహంలో విసుగు లేదు. జాలీ లేదు.
బియ్యంలో రాళ్ళేరుతున్నట్టుంది.

నీళ్ళు తాగకుండానే వెనక్కొచ్చి పడుకున్నాను.
నా వంతు రానే వచ్చిందనుకున్నాను,
వెనక్కి వచ్చిన చెక్కులన్నీ తలుచుకుంటూ.

పొద్దున్నే చీపురు అందుకుని
ఊడ్చే నెపంతో తెగిన దారప్పోగులు లెక్కపెట్టాను.
నలభై మూడు.
ఆ రోజు మెల్లగా వేశాను.
వేలు పక్కన పెట్టి, ఆవిడ వేలంత వెదురుముక్క చెక్కుకుని
దాని మీద కొలిచాను.
ఆవిడ చూసింది, ఏమీ అనలేదు,
ఎండు చేప ఒకటి ఎక్కువ వడ్డించింది.

ముప్పై ఒకటి. పంతొమ్మిది.
మధ్యలో ఒకనాడు యూస్ట్‌తో కబుర్లలో పడి మళ్ళీ ముప్పై.
పదకొండో రాత్రి ఏడు.

పన్నెండోనాడు వల సముద్రంలోకి వెళ్ళిపోయింది,
నన్నడక్కుండా.
ఏ ముడి నాదో, ఏది ఆవిడదో
ఇప్పుడు చేపలకే తెలియాలి.

నిన్న ఖియెమ్ ఫోటో పంపాడు.
బడిగోడ మీద నా తాబేలు ఇంకా ఉంది.
దానికి నేను మూడు కాళ్ళే వేశానట.
నాలుగోది
ఎవరో బొగ్గుతో గీసేశారు.